నమ్మదగిన ఏఐకి ఏది మేలు: చట్టమా, మార్గదర్శకాలా, టెండరు షరతులా?

పింఛను అర్హత తేల్చడానికో, మోసపు దరఖాస్తులు పట్టడానికో ఏఐ వాడదలచిన ప్రభుత్వ సంస్థ ముందు మూడు దారులుంటాయి. చట్టం మీద ఆధారపడటం, మార్గదర్శకాలు ప్రకటించడం, కొనేటప్పుడే టెండరులో షరతులు రాయడం. మూడూ కావాలనడం తేలికే. మనుషులూ సమయమూ తక్కువున్నప్పుడు ముందు దేని మీద కూర్చోవాలన్నదే చిక్కు. మా లెక్కలో టెండరు షరతుల మీదే.

మార్గదర్శకాల గురించి చెప్పేది తక్కువే. 2019 మేలో ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ ఆమోదించిన ఏఐ సూత్రాలు, 2023 జనవరిలో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ విడుదల చేసిన ఏఐ ముప్పుల నిర్వహణ చట్రం మంచి పత్రాలే. ఏమేం అడగాలో నేర్పుతాయి. కానీ పాటించకపోతే అడిగేవాళ్లుండరు. షరతులు రాసేటప్పుడు పక్కన పెట్టుకునే చెక్‌లిస్టుగా వాడుకోవచ్చు, అంతే.

చట్టానికి కోరలుంటాయి. ఐరోపా సమాఖ్య ఏఐ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. అందులో నిషేధించిన పనులు చేస్తే జరిమానా 3.5 కోట్ల యూరోల దాకా, లేదా కంపెనీ ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవరులో 7 శాతం దాకా, ఏది ఎక్కువైతే అది. ప్రభుత్వానికి ఏమీ అమ్మని కంపెనీని చట్టం తప్ప మరేదీ పట్టుకోలేదు కూడా. అయితే చట్టాలు నిర్వచనాల దగ్గర జారిపోతాయి. ఉద్యోగ నియామకాల్లో వాడే సాఫ్ట్‌వేర్‌కు ఏటా పక్షపాతం ఉందేమో చూసే ఆడిట్ జరగాలన్న నిబంధనను న్యూయార్క్ నగరం 2023 జులై నుంచి అమలు చేస్తోంది. మనిషి నిర్ణయాన్ని గట్టిగా ప్రభావితం చేసే సాధనాలకే అది వర్తిస్తుంది. తమ సాధనం ఆ కోవలోకి వస్తుందో రాదో తేల్చుకునేది మాత్రం ఉద్యోగమిచ్చే సంస్థే! పరిశోధకులు 391 సంస్థల వెబ్‌సైట్లు వెతికితే 18 చోట్లే ఆడిట్ నివేదికలు కనిపించాయి.

టెండరులో ఈ సందు ఉండదు. ఏది వర్తించాలో కొనేవాళ్లే రాస్తారు, బిల్లు ఆపే అధికారమూ వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్ నగర పాలక సంస్థ 2018లో ఇలాంటి ప్రామాణిక షరతులు తయారుచేసింది. ఐరోపా సమాఖ్య నమూనా షరతులకు అవే ఆధారం. అసలు కష్టమంతా ఏం రాయాలన్న దాంట్లోనే ఉంది.

మొదటి పొరపాటు, "కచ్చితత్వం 95 శాతం ఉండాలి" అని రాసి ఊరుకోవడం. లక్ష దరఖాస్తుల్లో 1,000 మోసపువి అనుకుందాం. సాఫ్ట్‌వేర్ వాటిలో 90 శాతం పట్టుకుంది, నిజాయితీపరుల్లో 5 శాతాన్ని పొరపాటున అనుమానించింది. అంటే 900 మంది దోషులు, 4,950 మంది అమాయకులు. అనుమానితుల జాబితాలో నూటికి 15 మందే నిజంగా మోసం చేసినవాళ్లు. అయినా మొత్తం కచ్చితత్వం దాదాపు 95 శాతమే వస్తుంది. ఎవరినీ అనుమానించకుండా కూర్చునే సాఫ్ట్‌వేర్‌కు 99 శాతం వస్తుందనుకోండి, అది వేరే సంగతి. కాబట్టి షరతులో అడగాల్సింది అమాయకులు ఎంతమంది ఇరుక్కుంటారన్న లెక్క. దాన్ని వయసు, లింగం, ప్రాంతం వారీగా విడివిడిగా అడగాలి. ఏదైనా గుంపులో నలభై యాభై మందే ఉంటే ఆ అంకె దేన్నీ రుజువు చేయదు. అక్కడ మనుషులే ఫైళ్లు చూడాలి.

సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి వాడే డేటాను కంపెనీకి ముందుగా ఇవ్వకూడదు. ఇస్తే దాని మీదే సాఫ్ట్‌వేర్‌కు తర్ఫీదునిస్తారు, పరీక్ష ఫలితం అద్భుతంగా వస్తుంది, అమల్లో బోల్తా పడుతుంది. ఇటీవలి దరఖాస్తుల నుంచి కొంత భాగం పక్కన తీసి సంస్థే దాచుకోవాలి. కంపెనీ కొత్త వెర్షన్ పెట్టే ముందు, ఉదాహరణకు 30 రోజుల ముందు, తెలియజేయాలి. పరీక్ష మళ్లీ జరగాలి.

పౌరుల డేటా విషయంలో కనిపెట్టాల్సిన మాట "సేవల మెరుగుదల కోసం". ఒప్పందంలో ఆ మాట ఉందంటే కంపెనీ తన ఇతర ఉత్పత్తులకు ఆ డేటాతో శిక్షణ ఇచ్చుకోవడానికి తలుపు తెరిచినట్టే. కొట్టేయించాలి. ఒప్పందం ముగిశాక బ్యాకప్‌లతో సహా ఏ తేదీలోగా చెరిపేయాలో రాయాలి. ప్రతి నిర్ణయం ఎలా జరిగిందో చెప్పే రికార్డు (లాగ్) కనీసం అప్పీలు గడువు తీరేదాకా ఉండాలి. లేకపోతే పౌరుడు అప్పీలు చేసే నాటికి కారణం చెప్పడానికి ఏమీ మిగలదు. ఆడిట్ హక్కు కూడా సంతకానికి ముందే ఖరారవ్వాలి. తర్వాత అడిగితే "వ్యాపార రహస్యం" అనే జవాబే వస్తుంది.

షరతులు మరీ బిగిస్తే చిన్న కంపెనీలు టెండరు వైపే రావు. కెనడా దీనికి మంచి ఉపాయం చూపింది: 2019 నాటి ఆదేశం ప్రకారం ప్రభావాన్ని బట్టి వ్యవస్థలను నాలుగు స్థాయులుగా విడదీస్తారు, పై రెండు స్థాయుల్లో తుది నిర్ణయం మనిషే తీసుకోవాలి.

టెండరుకు అందని చోటు ఒకటుంది. ఆస్ట్రేలియాలో రోబోడెట్ పేరుతో అపఖ్యాతి పాలైనది ప్రభుత్వ శాఖ సొంతంగా నడిపిన పథకం. సంక్షేమ భృతి పొందినవాళ్ల ఏడాది ఆదాయాన్ని రెండేసి వారాల చొప్పున సమానంగా పంచేసి, ఆ సగటును బట్టి లేని బాకీలు అంటగట్టారు. కొన్ని నెలలే పని దొరికినవాళ్లు బలయ్యారు. ఇలాంటివి బయటపడాలంటే బహిరంగ రిజిస్టరు ఉండాలి. 2020లో ఆమ్‌స్టర్‌డామ్, హెల్సింకీ తెరిచినవి అలాంటివే: ఏ అల్గారిథమ్, ఏ డేటా, బాధ్యులెవరు అన్నవి అందులో ఉంటాయి. అయితే రిజిస్టరును ఎవరూ తాజాగా ఉంచరు, నమోదు లేకుండా వ్యవస్థను ఆన్ చేయకూడదన్న నిబంధన ఉంటే తప్ప.

సంస్థ చిన్నదై, ఈ పని చూసేది ఒక్క అధికారే అయితే మేము ముందు పెట్టించేవి రెండే: దాచిన డేటా మీద పరీక్ష, అది నెగ్గి కొన్ని నెలలు సరిగా నడిచేదాకా బిల్లులో కొంత ఆపుకునే షరతు.