అండమాన్ నల్ల వడ్రంగిపిట్టకి సోనీ 200-600 సరిపోతుందా?

అండమాన్ దీవుల్లో తప్ప ఇంకెక్కడా దొరకని పిట్ట ఇది. ఒళ్లంతా నలుపు, నెత్తిన ఎర్రటి తురాయి, పొడవు సుమారు 38 సెంటీమీటర్లు. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) దగ్గరి చిడియా టాపు అడవిలో దీన్ని ఫొటో తీయడమంటే చెట్ల నీడలో నల్లటి ఒంటి కోసం గంటల తరబడి కాచుకోవడమే. ఏ లెన్సుకైనా గట్టి పరీక్షే.

కాచుకోవడానికి మాత్రం సోనీ 200-600 మి.మీ. జూమ్ భేషైన లెన్సు. జూమ్ చేసినా పొడవు మారదు కాబట్టి మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) మీద బరువు ముందుకు తూగదు. ఎండిన మాను కింద తాజా చెక్క ముక్కలు రాలి ఉంటే పిట్ట అక్కడికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. 15 మీటర్ల దూరంలో ఆగండి. 600 మి.మీ. దగ్గర ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెమెరాని నిలువుగా పడితే 90 సెంటీమీటర్ల ఎత్తు పడుతుంది. అంటే పిట్టతో పాటు పైనా కిందా కాస్త మాను కూడా వస్తుంది. ఫోకస్ ఎంత దూరంలో వెతకాలో చెప్పే స్విచ్‌ని, అంటే ఫోకస్ లిమిటర్‌ని, 10 మీటర్ల నుంచి అనంతానికి పెట్టేయండి. ఫుల్‌లో వదిలేస్తే ఫోకస్ దగ్గరున్న ఆకుని పట్టుకుంటుంది, అది తేరుకునేలోపు పిట్ట మాను చుట్టూ తిరిగి అవతలికి జారుకుంటుంది.

ఇబ్బందంతా వెలుతురుతోనే. 600 దగ్గర లెన్సు రంధ్రం (అపర్చర్) ఎఫ్/6.3 కంటే ఎక్కువ తెరుచుకోదు. పొడిచేటప్పుడు తల స్పష్టంగా రావాలంటే 1/2000 సెకను షట్టర్ వేగం కావాలి, నీడలో అది కుదిరే పని కాదు. స్టెబిలైజర్ మీ చేతి వణుకుని ఆపుతుందే కానీ పిట్ట కదలికని ఆపలేదు. అది పొడవడం ఆపి చుట్టూ చూసే క్షణం కోసం ఆగి 1/250, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ సున్నితత్వం) 6400తో తీయండి. వెనక ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ +1 నుంచి +1.7 దాకా పెంచాలి. వెనక చీకటి ఆకులుంటే -0.7 చేయాలి, లేకపోతే నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది, తురాయిలో ఎరుపు వివరం లేకుండా పోతుంది.

కూత రికార్డు పెట్టి పిలవొద్దు, గూడు తొర్రకి ఎదురుగా నిలబడొద్దు. మనిషి అక్కడుంటే తల్లిదండ్రులు మేత తేవడానికి వెనకాడతాయి. ఏ ఫొటో కోసమూ ఆ పని చేయకూడదు.

లెన్సు బరువు 2.1 కిలోలు, చేత్తో పట్టుకుని ఎక్కువసేపు ఆగలేరు. లెన్సుని స్టాండుకి బిగించే కాలర్ పాదం ఆర్కా రకం స్టాండు హెడ్‌లో నేరుగా కూర్చోదు, ప్లేటు విడిగా కొనాలి. ఏసీ గదిలోంచి తీసిన వెంటనే బ్యాగు తెరిస్తే గాజంతా ఆవిరే, తుడిచినా మళ్లీ పడుతుంది. బయల్దేరడానికి అరగంట ముందే, జిప్పు తీయకుండా, బ్యాగుని వరండాలో పెట్టండి.