యానిమేషన్-డైరెక్షన్: ఆరేళ్లు వాడిన తర్వాత

వెబ్ పేజీల రూపాన్ని తీర్చే భాష సీఎస్ఎస్. అందులో బొమ్మ ఏ దిశలో ఆడాలో చెప్పే యానిమేషన్-డైరెక్షన్ ప్రాపర్టీతో నాకు ఆరేళ్ల పరిచయం. ఆడుతూనే ఉండే బొమ్మలకు దీన్ని మించింది లేదు. వినియోగదారుడి వేలికి లోబడి ఆడాల్సిన వాటికి మాత్రం వద్దనే చెబుతాను. ఈ రెండో ముక్క తెలుసుకోవడానికి నాకు చాలా రాత్రులు పట్టింది.

విలువలు నాలుగే: నార్మల్ (ముందుకు), రివర్స్ (వెనక్కు), ఆల్టర్నేట్ (ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు), ఆల్టర్నేట్-రివర్స్ (అదే, కానీ వెనక్కు నడకతో మొదలై). నాకు ఎక్కువగా పనికొచ్చింది ఆల్టర్నేట్. ఇది తెలియక ముందు, ఊగే గంట బొమ్మ కోసం 0, 50, 100 శాతాల దగ్గర మూడు కీఫ్రేములు (ఆ క్షణానికి బొమ్మ ఎలా ఉండాలో చెప్పే గుర్తులు) రాసి, మొదటిదాన్నే చివర మళ్లీ అతికించేవాణ్ణి. ఒకచోట కోణం మార్చి రెండోచోట మరిచిపోతే గంట ప్రతి ఊపుకూ ఉలిక్కిపడేది. ఇప్పుడు రెండు కీఫ్రేములతో పని అయిపోతోంది. అయితే మనం ఇచ్చే వ్యవధి ఒకవైపు ప్రయాణానికే. 2 సెకన్లని రాస్తే వెళ్లి రావడానికి 4 పడుతుంది. ఎన్నిసార్లు ఆడాలో చెప్పే ఇటరేషన్-కౌంట్ రాయకపోతే అది 1గానే ఉంటుంది కాబట్టి బొమ్మ వెళ్తుంది, తిరిగి రాదు. ‘ఆల్టర్నేట్ పనిచేయడం లేదు’ అని ఎవరైనా నా దగ్గరకు వస్తే ముందు చూసేది ఆ అంకెనే.

రివర్స్ పెట్టినప్పుడు కదలిక తీరు కూడా తలకిందులవుతుంది. ఈజ్-అవుట్‌తో వేగంగా బయలుదేరి నెమ్మదిగా ఆగే వస్తువు, వెనక్కు వచ్చేటప్పుడు నెమ్మదిగా కదిలి వేగంగా ముగుస్తుంది. దీన్ని చాలాకాలం బ్రౌజర్ లోపమనుకున్నాను. వీడియోను వెనక్కు తిప్పినట్టే కదా అని ఆలోచిస్తే తప్పు నాదేనని తెలిసింది.

అసలు తంటా పక్కనుంచి జారి వచ్చే మెనూతో మొదలైంది. తెరవడానికి నార్మల్, మూయడానికి అదే కీఫ్రేములతో రివర్స్, అంతేననుకున్నాను. మూయడానికి మెనూ క్లాసు (దానికి వర్తించే స్టైల్ పేరు) మార్చగానే మెనూ జారకుండా ఠక్కున మాయమైంది. యానిమేషన్ పేరు మారలేదు కాబట్టి బ్రౌజర్ దాన్ని కొత్తగా మొదలుపెట్టదు. ముగిసిపోయిన ఆట దిశ మార్చితే నేరుగా అవతలి కొసకు దూకేస్తుంది. సగంలో మార్చితే మరీ వింత. 300 మిల్లీసెకన్ల ఆటలో 100 దగ్గర దిశ మార్చారనుకోండి. లీనియర్ (మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగం) కదలికైతే మూడో వంతు తెరుచుకున్న మెనూ ఒక్క గెంతుతో మూడింట రెండు వంతుల దగ్గరకు వెళ్లి, అక్కడి నుంచి మూసుకోవడం మొదలుపెడుతుంది. మూయమని నొక్కితే ముందు ఇంకా తెరుచుకుందన్నమాట! పేరు మార్చి ఒకే కీఫ్రేములను రెండుసార్లు రాసిపెట్టే ఉపాయం పట్టాను. మొదటి జబ్బు తగ్గింది, గెంతు మాత్రం పోలేదు.

చివరకు జావాస్క్రిప్ట్‌లోని వెబ్ యానిమేషన్స్ ఏపీఐ (యానిమేషన్లను కోడ్‌తో నడిపే సాధనాలు) వైపు వెళ్లాను. పేజీలోని ఎలిమెంట్ మీద యానిమేట్() పిలిస్తే చేతికొచ్చే ఆబ్జెక్టుకు రివర్స్() అనే మెథడ్ ఉంది. అది ఆట వేగాన్ని, దిశను చెప్పే ప్లేబ్యాక్‌రేట్‌ను 1 నుంచి -1కి మారుస్తుంది, ఉన్నచోటు నుంచే వెనక్కు నడిపిస్తుంది. 100 దగ్గర పిలిస్తే 100 మిల్లీసెకన్లలోనే ఇల్లు చేరుతుంది. పాత సీఎస్ఎస్ యానిమేషన్లను కూడా గెట్‌యానిమేషన్స్()తో పట్టుకొని ఇలాగే తిప్పవచ్చు. 2020లో సఫారీ 13.1 బ్రౌజర్ కూడా ఈ ఏపీఐని అందుకున్నాక పాలీఫిల్ (బ్రౌజర్‌లో లేని సౌకర్యాన్ని పూరించే అదనపు కోడ్) బెడద తప్పింది.

దీనికీ పేచీలున్నాయి. ఇన్ఫినిట్‌గా ఆడే దాన్ని ఇంకా 0 దగ్గర ఉండగానే రివర్స్() చేస్తే ఇన్‌వాలిడ్‌స్టేట్‌ఎర్రర్ విసురుతుంది. అంతం లేని ఆటను చివరి నుంచి ఎక్కడ మొదలుపెట్టాలి మరి! వెనక్కు నడిచి 0 చేరాక మొదటి కీఫ్రేము నిలబడాలంటే ఫిల్ (ఆట లేనప్పుడు ఏ కీఫ్రేము నిలవాలో చెప్పేది) విలువ ఫార్వర్డ్స్ అయితే చాలదు, బ్యాక్‌వర్డ్స్ గానీ బోత్ గానీ ఉండాలి. ఇది నాకు ఒక పూట ఖర్చు.

రెండే స్థితులున్న మామూలు మెనూకు ఇప్పుడు వీటిలో ఏదీ వాడను. ట్రాన్సిషన్ (విలువ మారినప్పుడు మధ్య కదలికను బ్రౌజరే నింపే సీఎస్ఎస్ పద్ధతి) రాస్తాను. సగంలో వెనక్కు తిప్పితే తిరుగు వ్యవధిని బ్రౌజరే తగ్గించుకుంటుంది. గంట మాత్రం ఇప్పటికీ ఆల్టర్నేట్‌తోనే ఊగుతోంది.