మా నెట్ షాపులో ఫైర్‌ఫాక్స్ ఎలా ఉందంటే
శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మాది జిరాక్స్, నెట్ షాపు, పొద్దస్తమానం అప్లికేషన్లూ హాల్ టికెట్లే పని. క్రోమ్‌లో యాడ్స్ ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఆగిపోయాక ఆ యాడ్స్ గోల భరించలేక ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి మారాం. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు పాత బ్రౌజర్ నుంచి అదే తెచ్చేసుకుంది, ఆ టెన్షన్ లేదు.

అసలు నాకు నచ్చింది మల్టీ అకౌంట్ కంటైనర్స్ అనే ఎక్స్‌టెన్షన్. ఒకే సైటులో షాపు అకౌంటు ఒక ట్యాబులో, కస్టమర్‌ది పక్క ట్యాబులో, రంగులు వేరేగా ఉంటాయి కాబట్టి కంగారు ఉండదు, మాటిమాటికీ లాగౌట్ అవ్వక్కర్లేదు (పని అయ్యాక కస్టమర్‌ది మాత్రం లాగౌట్ చెయ్యండి బాబూ, లేకపోతే అలాగే ఉండిపోతుంది).

2025లో నిలువు ట్యాబులు ఇచ్చారు, అంటే ట్యాబులు పక్కన ఒకదాని కింద ఒకటి వస్తాయి, ఎన్ని తెరిచినా పేర్లు కనబడతాయి. ఆండ్రాయిడ్ ఫోన్లో ఫైర్‌ఫాక్స్‌కి కూడా యూబ్లాక్ పడుతుంది, ఐఫోన్ ఫైర్‌ఫాక్స్‌కి ఆ యోగం లేదు. మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు, మా నాన్నకి అలాగే పెట్టిచ్చాను.

లోటంటే, వేలిముద్ర మెషిన్ కావాల్సిన కొన్ని సైట్లు ఇందులో మొరాయిస్తున్నాయి. వాటి కోసం క్రోమ్ తీసెయ్యకుండా ఉంచాను, మీరూ ఉంచుకోండి.