సున్నం నేర్చుకోబోతే సున్నం పెట్టారు

గోడను వేలి కణుపుతో తట్టి అది సున్నమో సిమెంటో చెప్పే విద్య కోసం మనిషికి 14,500 రూపాయలు కట్టాం. రెండో రోజు రాత్రికే ఆ విద్య అక్కరకొచ్చింది. ముందు దొరికిపోయింది మేం దిగిన బసే.

కోనసీమలో మా తాతగారి మండువా లోగిలి ఉంది. గానుగ సున్నంతో కట్టిన గోడలు. మా నాన్నగారు బాగుచేయిస్తున్నానని వాటి మీద సిమెంటు పూయించారు. అప్పటి నుంచి ఏటా వర్షాకాలం వెళ్లేసరికి రంగు బుడగలు లేచి, ఉప్పు తేలి, పెచ్చులు ఊడుతున్నాయి. పాత పద్ధతిలో పూయగల మేస్త్రీ మా చుట్టుపక్కల దొరకలేదు. తమిళనాడులో కారైకుడి చుట్టుపక్కల ప్రాంతమైన చెట్టినాడులో అయిదు రోజుల సున్నం పని శిక్షణ ఉందని తెలిసి, నేనూ మా ఆవిడా, ఆవిడ తమ్ముడూ బయలుదేరాం. మా బావమరిది రాజమండ్రిలో అపార్టుమెంట్లు కడతాడు. సున్నం మీద నమ్మకం లేదు కానీ చెట్టినాడు భోజనం మీద ఉంది.

రాజమండ్రి నుంచి చెన్నైకి రాత్రి రైలు, అక్కడ ఎగ్మూరులో పల్లవన్ ఎక్స్‌ప్రెస్. ఆదివారం పొద్దుపోయాక కారైకుడిలో దిగాం. ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు.

బస గురించి మాత్రం చాలా ఉంది. గది రోజుకు 4,800, పన్నులతో కలిపి. రెండు గదులు, ఆరు రాత్రులు, మొత్తం 57,600. అందులో సగం 28,800 ముందే కట్టించుకున్నారు. ఫొటోల్లో బర్మా టేకు స్తంభాలు, మండువా, అద్దంలా మెరిసే గోడలు. అవి చూసే కదా అంత పోసింది! చీకట్లో దిగాం, అలసిపోయి ఉన్నాం, పసుపు దీపాల వెలుగులో అంతా పురాతనంగానే కనిపించింది. గదిలో కాస్త ముక్కిన వాసన వస్తే పాత ఇల్లు కదా అని మా ఆవిడే సర్దిచెప్పింది.

సోమవారమంతా ఉపన్యాసాలు. ఇరవై మందికి పైగా ఉన్నాం, ఎక్కువమంది బెంగళూరు, చెన్నైల నుంచి వచ్చిన ఆర్కిటెక్టులు, విద్యార్థులు. తెర మీద బొమ్మల తర్వాత బొమ్మలు. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడులో ఏడెనిమిది శాతం సిమెంటు తయారీదేనని ముగ్గురు వక్తలు మూడుసార్లు చెప్పారు. ఏసీ గదిలో కూర్చుని నిద్రపోవడానికి రాజమండ్రి సరిపోయేదని బావమరిది విసుక్కున్నాడు. మొదటి రోజు ఎగ్గొట్టినా నష్టం లేదు.

మంగళవారం మేస్త్రీ వచ్చాడు. అరవై దాటిన మనిషి. రాజపాళయం వైపు ఊరు, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. మేం తెలుగువాళ్లమని తెలిశాక మా పక్కనుంచి కదల్లేదు. మా ముగ్గురికీ కట్టిన డబ్బు ఆ ఒక్క అదృష్టంతో గిట్టింది. కాల్చిన సున్నపురాళ్లు నీళ్ల తొట్టిలో వేయించాడు. రెండు నిమిషాల్లో తొట్టి కుతకుతా ఉడికింది, ఆవిరికి అందరం వెనక్కి జరిగాం. కళ్లద్దాలు లేకుండా దగ్గరికి రావద్దని నిర్వాహకులు చెప్పలేదు, ఆయనే చెప్పాడు. వెళ్లేవాళ్లు సొంత కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు తీసుకెళ్లండి.

ఆ ఉడికిన సున్నాన్ని నీళ్ల కింద వారాల తరబడి నానబెట్టాలి, ఎంత నానితే అంత వెన్న. పూశాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. "ఇన్నాళ్లు ఆగితే నా బ్యాంకు వడ్డీ ఎవరు కడతారు బావగారూ?" అన్నాడు బావమరిది. అతని బాధలో న్యాయముంది.

గోడను తట్టి చూడడం ఆ మధ్యాహ్నమే నేర్పాడు. పక్క వీధిలో పాడుబడుతున్న ఓ పెద్ద ఇంటికి తీసుకెళ్లాడు. సున్నం గోడ మెత్తగా, మొద్దుగా పలుకుతుంది. సిమెంటు కంగుమంటుంది. అనుమానముంటే స్విచ్‌బోర్డు అంచునో గుమ్మం మూలనో పెచ్చు ఊడినచోట చూడమన్నాడు. అక్కడ బూడిద రంగు కనిపిస్తే ఇక అడగక్కర్లేదట.

అటునుంచి ఆత్తంగుడి, చేత్తో చేసే నేల పలకలకు పేరుపడ్డ ఊరు. ఆ పలకలు చేసేచోట మా ఆవిడ గంటసేపు కదల్లేదు. గాజుముక్క మీద చట్రం పెట్టి, పువ్వు అచ్చులో గడి గడికీ రంగు కలిపిన సిమెంటు ద్రావణం పోసి, అచ్చు ఎత్తేసి, వెనక పొడి సిమెంటూ ఇసుకా చల్లి, తడి మిశ్రమంతో నింపుతారు. ఆరాక కొన్ని రోజులు నీళ్లలో నానబెడతారు. కాల్చడం లేదు. ఆ మెరుపంతా గాజుదే. చేత్తో పోసే రంగు కాబట్టి ఏ రెండు పలకలూ ఒక్కలా ఉండవు. సిమెంటును తిట్టీ తిట్టీ వచ్చినవాళ్లమంతా సిమెంటు పలకల ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాం.

రాత్రి గదికి రాగానే మా ఆవిడ నేల వంక చూసి ఆగిపోయింది. ప్రతి పలక మీదా పువ్వుకు ఎడమవైపు ఒకటే మరక, ఒకే చోట. అచ్చుగుద్దిన ఫ్యాక్టరీ టైల్స్. నేను గోడ తట్టాను. కంగుమంది. స్విచ్‌బోర్డు పక్కన గోరుతో గీకితే బూడిద రంగు పొడి రాలింది. పక్క గదిలోంచి బావమరిది, "స్తంభాలు కూడా కాంక్రీటే బావగారూ, టేకు రంగు వేశారు" అని కేక పెట్టాడు. నిజం చెప్పాలంటే అయిదు రోజుల్లో అతను ఉత్సాహంగా ఉన్నది అప్పుడే.

బుధవారం పొద్దున్నే మేనేజరును అడిగాం. అసలు ఇంట్లో గదులు ఓ విదేశీ బృందానికి ఇచ్చారట, మాది వెనక కట్టిన కొత్త భాగమట. ఆ ముక్క ముందు చెప్పలేదేమంటే, ప్రాంగణమంతా వారసత్వమేనన్నాడు! గోడ గీకినందుకు 500 కట్టమన్నాడు కూడా. మా ఆవిడ వాళ్లు బస గురించి పెట్టిన ఫొటోలను ఫోనులో తెరిచి, ఒక్కొక్కటీ చూపించి, ఇది ఏ గది, ఇది ఏ గది అని అడుగుతూ పోయింది. ఏడో ఫొటో దగ్గర అతను 500 మాట వదిలేశాడు. మూడు రాత్రులకు మా అడ్వాన్సు చెల్లుకు చెల్లు. మిగతా మూడు రాత్రులూ కారైకుడిలో బస్టాండు దగ్గర లాడ్జి, ఏసీ గది 1,100. దాని గోడలూ సిమెంటువే, కానీ ఆ విషయం దాచలేదు. ఈ ప్రాంతంలో పాత ఇంట్లో ఉండాలనుకుంటే గది నంబరూ, ఆ గది ఫొటో, కట్టిన ఏడాదీ రాతలో అడిగి తీసుకున్నాకే డబ్బు పంపండి.

ఆ పక్కనే ఓ మెస్సులో కవుని అరిసి అనే చెట్టినాడు తీపి వంటకం తిన్నాం. నల్లబియ్యం, కొబ్బరి, చక్కెర, అంతే. కప్పు 60. మా ఆవిడ మూడు రోజుల కోపం దానితో దిగింది.

మిగిలిన మూడు రోజులూ చేతిపనే. బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లతో కలిపిన సున్నమూ ఇసుకా అడుగు పూతకు. పైకి వెళ్లేకొద్దీ ఇసుక సన్నబడుతుంది. ఆఖరి పూతకు మెత్తగా రుబ్బిన గుల్ల సున్నం, గుడ్డు తెల్లసొన. పచ్చసొన ఏమవుతుందని బావమరిది అడిగాడు. మర్నాడు భోజనంలో తెలిసింది. మేస్త్రీ దేన్నీ కొలిచేవాడు కాదు. తాపీకి అంటుకుంటే ఇసుక తక్కువ, జారిపోతే ఎక్కువ అనేవాడు. నా చేతిలో అది రెండు రోజులు జారుతూనే ఉంది. శుక్రవారం నున్నటి గులకరాయితో గంటసేపు రుద్దితే అరచేయంత మేర నా ముఖం మసకగా కనిపించింది.

ముగింపు సభలో వక్తలకు శాలువాలు, జ్ఞాపికలు. మేస్త్రీ గుమ్మం దగ్గర నిలబడ్డాడు, ఆయన పేరు ఎవరూ పిలవలేదు. రోజు కూలి మీద వచ్చాడట. ఆ కూలి ఎంతో తెలిశాక మా ముగ్గురి రుసుము 43,500 గొంతులో అడ్డం పడింది. మీరు వెళితే ధ్రువపత్రం కోసమా, పని కోసమా తేల్చుకోండి. పని కోసమైతే నేరుగా మేస్త్రీతోనే మాట్లాడుకోవడం మేలు.

శనివారం రైలుకు ముందు కారైకుడి మునీశ్వరన్ కోవిల్ వీధిలో పాతసామాను దుకాణాలు చూశాం. కూల్చిన ఇళ్ల తలుపులు, స్తంభాలు వరసగా పేర్చి ఉన్నాయి. బావమరిది ఓ టేకు స్తంభాన్ని అలవాటుగా తట్టాడు. తర్వాత ధర అడిగాడు, కొనలేదు.

మేస్త్రీ సంక్రాంతి వెళ్లాక కోనసీమ వస్తానన్నాడు. రోజుకు 1,800, రానుపోను ఖర్చులు, భోజనం మా ఇంట్లో. పెరట్లో గొయ్యి తవ్వించి సున్నం నానబెట్టాం. నిన్న బావమరిది ఫోను చేసి, ఇంకో గొయ్యికి చోటుందా అని అడిగాడు.