రేకుల కొట్టం లాంటి ఇల్లు: లోకల్ కాంట్రాక్టర్లతో కట్టించి, కాపురం ఉన్నాక

అనంతపురం నుంచి గార్లదిన్నె పోయే వైపు మాకు కొద్దిగా చీనీ (బత్తాయి) తోట ఉంది. 2021లో అందులోనే ఇల్లు కట్టించాం. ఇనుప స్తంభాలు, ఇనుప ట్రస్సులు (కప్పును మోసే చట్రాలు), పైన రంగు రేకులు, చుట్టూ సిమెంటు ఇటుకల గోడ, మధ్యలో ఎత్తైన హాలు, ఒక పక్క అటక. అమెరికాలో గడ్డికీ గుర్రాలకూ కట్టే బార్న్‌ల తీరులో ఇళ్లు కట్టుకుంటారే, అదే మోడల్. ఫొటోలు చూపిస్తే వెల్డింగ్ కాంట్రాక్టరు ఒక్క చూపు చూసి, "కోళ్ల షెడ్డు కదన్నా ఇది" అన్నాడు. నాకు ధైర్యం వచ్చింది ఆ మాటతోనే. కోళ్ల షెడ్లు, గోడౌన్లు ఆయన చుట్టుపక్కల చాలానే నిలబెట్టాడు.

ఇన్నేళ్లు ఉన్నాక నా మాట ఇది: ఇనుప పని బాగుంది, గోడ పని బాగుంది. తలనొప్పంతా ఆ రెండూ కలిసేచోట.

కోళ్ల షెడ్డులో గోడకూ రేకుకూ మధ్య సందు ఉంటే లాభమే, గాలి ఆడుతుంది. ఇంట్లో అదే సందులోంచి దుమ్ము, ఉడతలు, ఏటవాలు జల్లు లోపలికి వస్తాయి. వెల్డింగ్ ఆయన్ని అడిగితే, "అది బేల్దారోళ్ల పని అన్నా" అన్నాడు. గోడ కట్టిన బేల్దారి మేస్త్రీని అడిగితే, "రేకు ఎక్కించినోళ్లే మూసుకోవల్ల గదా సార్" అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరి రేటులోనూ ఆ పని లేదు. చివరికి మేస్త్రీయే దయతలచి సిమెంటు మాలుతో మూశాడు. మొదటి ఎండాకాలం దాటకుండానే అది పెచ్చులుగా రాలిపోయింది.

కారణం తర్వాత వేరే ఫ్యాబ్రికేటరు చెప్పాడు. ఇనుము వేడికి సాగుతుంది. 40 అడుగుల రేకు వేడిలో 40 డిగ్రీల తేడా వస్తే దాదాపు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మే నెలలో మధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెట్టలేం, తెల్లవారుజామున చల్లగా ఉంటుంది. రోజూ ఇలా సాగి ముడుచుకునే దానికి మాలు ఎలా అతుకుతుంది? ఆయన మాలు తీసేసి, రేకు వంపుల్లో నురుగు పట్టీలు దూర్చి, బయట వంచిన రేకు ముక్కను చూరు పొడవునా కొట్టాడు. దాన్ని పైకప్పుకే బిగించాడు, గోడకు తగిలించలేదు. అప్పటినుంచి పెచ్చులు లేవు, ఉడతలు లేవు. బాత్రూం గాలి గొట్టం రేకును చీల్చుకుని పైకి వచ్చేచోట కూడా ఇదే కథ. ప్లంబరు సిమెంటు పూసి పోయాడు, అది కారింది. రబ్బరు కాలరు వేయించాక ఆగింది.

వాన మాకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. అసలు భయం గాలితో. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. గాలి రేకును కిందికి నొక్కడం కన్నా పైకి లాగడం ఎక్కువ, అందులోనూ అంచుల్లో, మూలల్లో. మా వెల్డింగ్ ఆయన చూరు వెంట స్క్రూలు అడగకుండానే దగ్గరగా కొట్టాడు. ఆషాఢం గాలికి ఇప్పటికి ఒక్క రేకు లేవలేదు. ఈ విషయంలో ఆయనకు నూటికి నూరు. పెద్ద సిటీ కంపెనీ వాళ్లు వచ్చినా ఇక్కడి గాలి ఆయనకు తెలిసినంత తెలియదు. స్క్రూల కింది రబ్బరు వాషర్లు మాత్రం ఎండకు గట్టిపడతాయి. పోయిన వేసవిలో దక్షిణం వైపువి మార్పించాను.

ఇక వేడి. రేకు కింద వెండి రంగు బబుల్ షీటు వేస్తే చాలన్నారు. చాలదు. దాని కింద జానెడు ఖాళీ వదిలి సీలింగు కొట్టించాక హాల్లో కూర్చోగలిగాం. అటక మీద మాత్రం ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎవరూ పడుకోలేరు, అక్కడ చీనీ బుట్టలు పెట్టుకుంటున్నాం. మా నాన్న పాత మట్టి మిద్దెలో పెరిగిన మనిషి. ఈ ఇంట్లో మధ్యాహ్నం నిద్రపట్టదని ఇప్పటికీ సణుగుతారు, ఆయన మాట కొట్టేయలేను. నేలకు తాడిపత్రి బండలు పరిపించాం, కాళ్లకు చల్లగా ఉంటుంది. గట్టి వాన పడితే టీవీ వినపడదు. నాకది ఇష్టమే, మా ఆవిడకు కాదు.

డబ్బు సంగతి. షెడ్డు వాళ్లు చదరపు అడుగుకు రేటు చెప్తారు. అందులో ఏమేం ఉన్నాయో అడిగితే తప్ప చెప్పరు. పునాది గుంతలు, అడుగున వేసే బోల్టులు, నీళ్ల దోనె, సీలింగు, చివరి పెయింటు సాధారణంగా అందులో ఉండవు. నేను రేటు ఒప్పుకోలేదు, ఇనుము నేనే కొని కిలోకు ఇంత అని కూలి మాట్లాడుకున్నాను. బండి నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి కాటా వేయించి చీటీలు దాచుకుంటే గొడవ ఉండదు. మిగిలిన తుక్కు ఎవరిదో ముందే తేల్చుకోవాలి, అది తక్కువ డబ్బేమీ కాదు. రేకు 0.5 మిల్లీమీటర్లు అంటే రంగుపూతతో కలిపా, ఒట్టి ఇనుమా అని కూడా అడగాలి. రెండింటికీ తేడా ఉంటుంది, ధర మాత్రం ఒకటే చెప్తారు.

పెయింటు గురించి మంచి మాట చెప్పలేను. వెల్డింగ్ చేసినచోట తుప్పు గీకకుండా రెడ్ ఆక్సైడు (తుప్పు పట్టకుండా ముందు వేసే పూత) పూసి, ఆ పైనే ఎనామిల్ కొట్టేశారు. రెండో ఏడుకే అతుకుల దగ్గర ఎర్రటి చారలు కారాయి. నిచ్చెన వేసి 20 అడుగుల ఎత్తులో ట్రస్సులు గీకించడం ఎంత ఖర్చో, ఎంత టెన్షనో గీకించినవాళ్లకే తెలుసు. పైపులు నేల మీద ఉన్నప్పుడే రెండు పూతలు పూర్తిచేయించి, ఎక్కించాక అతుకులు మాత్రమే సరిచేయిస్తే సగం ఖర్చుతో పోతుంది.

పడమర వైపు వరండా ఇప్పుడు మళ్లీ అదే వెల్డింగ్ ఆయనకు ఇచ్చాను. ఈసారి తెల్లకాగితం మీద గోడ, రేకు కలిసే సందు మూయడం ఆయన పనే అని రాయించి, చివరి పాతిక శాతం డబ్బు ఒక గట్టి వాన చూశాకే ఇస్తానన్నాను. కాసేపు తల గోక్కుని ఒప్పుకున్నాడు. పెయింటుకు వేరే మనిషిని చూస్తున్నాను.