చౌకిట్ సందులో పదాంగ్ భోజనం

కౌలాలంపూర్‌లో చౌకిట్ బజారు వెనక సందులో ఇండోనేషియాలోని పశ్చిమ సుమత్రాకి చెందిన మినంగ్‌కబావు వాళ్లు నడిపే పదాంగ్ (అక్కడి నగరం పేరు) భోజనశాల ఒకటుంది. ఆరే టేబుళ్లు. కూర్చోగానే ఏం కావాలని అడగరు. చిన్న పళ్లాల్లో పది పన్నెండు కూరలు తెచ్చి ముందు పరిచేస్తారు, తిన్నవాటికే డబ్బు.

నేను రెండాంగ్ కోసం వెళ్లాను. గొడ్డుమాంసాన్ని కొబ్బరిపాలు, నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, పసుపాకులతో గంటల తరబడి ఇగరబెడతారు. పల్చగా ఉన్నంతసేపు గులాయ్, దగ్గరపడితే కలియో, నూనె తేలి నల్లబడ్డాకే రెండాంగ్. ఇక్కడిది నిజంగా నల్లబడ్డ రకం. వేలితో నొక్కితే పోగులుగా విడిపోయింది. అసామ్ పదే అనే చేపల పులుసు మాత్రం ఆ రోజు ఉప్పెక్కువైంది. భీమవరం పులుసు తిని పెరిగిన నాలుకకి అది తెలియకుండా పోదు.

వడ్డించే మాచిక్‌ది (పెద్దావిడని అలా పిలుస్తారు) పశ్చిమ సుమత్రాలోని బుకిట్‌తింగి. "మచమ్ మనా రాస?" అంది మలయ్ భాషలో. రుచి ఎలా ఉందని. ఈ ఊరొచ్చిన కొత్తల్లో మా ఆఫీసులో "సాయా రాస..." అని మొదలుపెడితే ఏం రుచి చూశారా అనుకునేదాన్ని. "నాకనిపిస్తోంది" అని దానర్థం. రాస సాకిత్ అంటే నొప్పిగా ఉండటం, పెరాసాఆన్ అంటే మనసులో కలిగే భావం. అంతా మన సంస్కృత రసమే. సుమత్రాలోని పాలెంబాంగ్ దగ్గర దొరికిన 683 నాటి కెదుకన్ బుకిట్ శాసనంలోనే పాత మలయ్ నిండా సంస్కృత మాటలున్నాయి. మనం రోజూ రసాన్ని చారుకీ మామిడిపండుకీ వాడుకుంటుంటే, వాళ్లు తలపుకీ నొప్పికీ కూడా వాడుకున్నారు.

మాచిక్ ఇంట్లో మాట్లాడేది మినంగ్, అంటే మినంగ్‌కబావుల భాష. అందులో రాస "రాసో" అవుతుంది. పిల్లలకి "రాసో జో పరెసో" నేర్పుతారట: మనసుకి తోచినదీ ఉండాలి, దాన్ని తరచి చూసుకోవడమూ ఉండాలి. పరెసో అంటే పరీక్షే! చెయ్యి కడుక్కోవడం మరిచి ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాను.

నాకు 19 రింగిట్లయింది. కర్రపెండలం ఆకు కూర, పచ్చిమిర్చి సంబల్ (కారం పచ్చడి) తప్పకుండా తీసుకోండి. ఒంటిగంట దాటితే రెండాంగ్ గిన్నెలో అడుగే మిగులుతుంది, ముందే వెళ్లండి.