గాలి పైపా, వాక్యూమా?

బల్లార్షా, రాజురా వైపు జిన్నింగ్ మిల్లుల్లో, గ్యారేజీల్లో దుమ్ము దులపాలంటే మనవాళ్ల చెయ్యి ముందు కంప్రెసర్ పైపు మీదికే పోతుంది. పని క్షణాల్లో అయిపోతుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ దుమ్ము పోదు, చోటు మారుతుందంతే. సన్నటి రేణువులు గంటల తరబడి గాల్లో తేలి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. పత్తి నూగో బొగ్గు పొడో అయితే ఇంకో గండం: నిప్పురవ్వ తగిలితే లేచిన దుమ్మంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో 37వ సెక్షన్ ఇలాంటి మండే దుమ్ము గురించే.

వాక్యూమ్ నిదానం, ఖర్చూ ఎక్కువే. అయినా నా ఓటు దానికే, ఎందుకంటే దుమ్మును పట్టి లోపల పెట్టుకుంటుంది. సన్నటి రేణువుల్నీ ఆపే హెపా ఫిల్టర్ లేకపోతే మాత్రం సన్నపొడి వెనకనుంచి బయటికొస్తుంది. మండే దుమ్ముకైతే నిప్పురవ్వలు పుట్టని రకమే వాడాలి. నున్నటి బల్లలకు ఇదంతా దేనికి, తడిగుడ్డ చాలు.

మోటారు వైండింగులు, రేడియేటర్ సందుల దగ్గర గాలికి సాటి లేదు. కరెంటు తీసేసి, కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు వదిలి, కళ్లద్దాలూ మాస్కూ పెట్టుకుని కొట్టాలి. అమెరికా భద్రతా నిబంధన ప్రకారం ఒత్తిడి 30 పీఎస్ఐ లోపే ఉండాలి. మన గ్యారేజీ కంప్రెసర్లు మామూలుగా 100 దాటుతాయి, కాబట్టి రెగ్యులేటర్ తప్పదు.

సాయంత్రం "తమ్ముడూ, నా వీపు మీద ఓసారి గాలి కొట్టు" అంటారే, అది మాత్రం ఏ ఒత్తిడిలోనూ వద్దు. చర్మం మీది గాటులోంచి గాలి రక్తంలోకి చేరితే ప్రాణం మీదికొస్తుంది.